మధ్యాహ్నం ఆకును నమ్మొద్దు, తెల్లారి చూడు

చిరంజీవి హరికి పెద్దనాయన ఆశీస్సులు.

శెనక్కాయ చేనంతా వాడిపోయిందని, ట్యాంకరుకు చెప్పేశానని ఫోన్లో కంగారుపడ్డావు. ముందు ఆ ట్యాంకరు వద్దని చెప్పు. నాలుగెకరాల ఎర్రనేలకు ఆ నీళ్లు ఏ మూలకొస్తాయి? మిగతాది ఫోన్లో చెబితే సగం విని పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నా.

నువ్వు చేను చూసింది మధ్యాహ్నం రెండు గంటలకు. ఆ వేళకు వాడినట్టు కనిపించని శెనక్కాయ చెట్టు అనంతపురం ఎండల్లో ఎక్కడుంది? ఈసారి ఒక మొక్క దగ్గర గొంతుకూర్చో. ఒక్కో కాడకు రెండు జతలుగా నాలుగు రెక్కలుంటాయి. పొద్దున అవి చాపలా పరుచుకుని ఉంటాయి. ఎండ ముదిరి నేలలో తడి తగ్గితే జతజతగా పైకి లేచి ఎదురెదురుగా నిలబడతాయి, ఎండకు అంచు మాత్రమే తగులుతుంది. రెక్క మొదట్లో వేలికి తగిలే చిన్న ఉబ్బు ఉంటుంది చూడు. దాని కణాల్లోకి నీళ్లు చేరడం, బయటికి పోవడం వల్లే ఈ కదలిక. రాత్రిపూట ముడుచుకునేదీ దాంతోనే. అంతకుముందే మట్టి ఆరుతున్న సంగతిని వేళ్లు అబ్సిసిక్ ఆమ్లమనే రసాయనంతో ఆకులకు చేరవేస్తాయి, పత్రరంధ్రాలు మూసుకుంటాయి. నీళ్లు మిగులుతాయి గానీ గాలి లోపలికి పోదు, ఆ పూటకు మొక్కకు తిండి తయారీ తగ్గుతుంది. ఊరికే వచ్చిన పొదుపు కాదది.

కాబట్టి చేను చూడాల్సింది తెల్లవారుజామున, ఎండ పొడవక ముందు. రాత్రంతా వేళ్లు తాగిన నీళ్లతో ఆకు తేరుకుని బిగువుగా ఉంటే భయం లేదు. ఆ వేళకూ వేలాడుతూనే ఉందంటే వేళ్లకు అందే తడి అయిపోయిందన్నమాట. దాన్నే బెట్ట అంటాం. పక్కనున్న కంది సాళ్లను చూసి శెనక్కాయకు లెక్క కట్టొద్దు. కంది వేరు లోతుకు పోతుంది, అది తాగే తడి అడుగున ఉంటుంది.

నీ చేనుకు ఇంకా పాతిక రోజులు నిండలేదు కదా. ఈ వయసులో కాస్త బెట్ట తగిలితే నేను చింతపడను. ఆకు పెరుగుదల తగ్గి వేరు లోతుకు దిగుతుంది. తర్వాత వాన పడితే పూత కొంచెం కొంచెంగా కాక ఒక్కసారిగా వస్తుంది, కాయలూ ఒక ఈడువి దొరుకుతాయి. నీ భయమంతా దాచుకోవాల్సింది 45వ రోజు నుంచి 85వ రోజు దాకా. అప్పుడు పూల మొదట్లోంచి ఊడలనే సన్నని కాడలు దిగి కాయ ఊరుతుంది. ఊడ కిందికి సాగి మట్టిలోకి పోవాలి, చీకటి తగిలితేనే కాయ కడుతుంది. పైమట్టి రాయిలా బిగిస్తే దాని మొన లోపలికి దిగదు, గాల్లోనే ఎండిపోతుంది. బోరు నీళ్లు పక్కచేనువాళ్లను అడుక్కునైనా ఒక తడి ఇచ్చేది అప్పుడు. సాళ్ల మధ్య కలుపుకు గుంటక తోలడం మాత్రం 45 రోజుల లోపే ముగించెయ్, తర్వాత తోలితే ఊడలు తెగుతాయి. కాల్షియం ఇచ్చే జిప్సం పూత టైముకు మొదళ్ల దగ్గరే వెయ్, ఎందుకంటే కాయ తనకు కావలసిన కాల్షియంలో ఎక్కువ భాగం చుట్టూ ఉన్న మట్టి నుంచి నేరుగా పీల్చుకుంటుంది.

చీమలు గుడ్లు మోస్తే వాన, ఆరుద్ర పురుగు కనిపిస్తే ఆ ఏడు పంట అని ఊళ్లో అంటారు. వింటానికి బాగుంటాయి. ఆరుద్ర పురుగు ఏడాదిలో ఎక్కువ కాలం భూమిలోనే ఉంటుంది, మంచి వాన నేలలోకి దిగాక పైకొస్తుంది. అంటే అది చెప్పేది పడిన వాన సంగతి, పడబోయే దాని సంగతి కాదు. ఆకైనా అంతే. మొక్కకు మనసుంది, ముందే తెలుసు అని వీడియోలు పెట్టేవాళ్లను నేను పట్టించుకోను. తనకు తగిలిన దానికి అది స్పందిస్తుంది, అంతే. రేపటి లెక్క మనం వేసుకోవాలి.

ఆ లెక్క పనికొచ్చేది ఎర్ర గొంగళి పురుగు దగ్గర. దాని కోశాలు, అంటే రెక్కలు రాక ముందు గూడులో ఉండే దశ, గట్ల మీద, చెట్ల కింద మట్టిలో నెలల తరబడి నిద్రపోతాయి. మంచి వాన పడ్డ కొద్ది రోజుల్లోనే రెక్కల పురుగులై సాయంత్రం పూట బయటికొస్తాయి. ఆ రాత్రుళ్లు అవి వెలుగుకొచ్చి పడేలా గట్ల మీద మంటలు వేయాలి, నలుగురూ కలిసి వేస్తేనే ఫలితం. గుడ్లు పిల్లలై గుంపుగా పక్కచేలకు నడిచే దాకా ఊరుకుంటే మందుకు పెట్టిన డబ్బు దండగ.

ఇక అన్నిటికన్నా అర్జంటు సంగతి. గట్టు వెంట మేతకని జొన్న చల్లావు కదా, అది మోకాలెత్తు కూడా లేదు. ఆ ఆకులు గొట్టంలా చుట్టుకుని ఉంటాయి, తడి కాపాడుకోవడానికే. లేత జొన్నలో ధూరిన్ అనే పదార్థం ఉంటుంది, బెట్టలో అది ఇంకా పెరుగుతుంది. పశువు నమిలితే నలిగిన ఆకులోంచి హైడ్రోజన్ సయనైడ్ అనే విషం పుడుతుంది. తనను తినేవాళ్ల నుంచి జొన్న కాపాడుకునే తీరు అది. మనవాళ్లు నాము అనేది దీన్నే. వాన పడి పచ్చగా చిగిర్చిన పిలకలు ఇంకా ప్రమాదం, పచ్చదనం చూసి మోసపోవద్దు.

కంకి పూతకొచ్చే దాకా ఆవునూ మేకలనూ అటు తోలొద్దు. మీ నాయనకూ, మేకలు కాసే పిల్లాడికీ ఇవాళే చెప్పు. ఎప్పుడైనా పశువు ఎగశ్వాస పీలుస్తూ నురగ కక్కి తూలితే నాటు మందులు పోస్తూ కూర్చోవద్దు. నిమిషాల్లో ప్రాణం పోతుంది. వెంటనే పశువుల డాక్టరుకు ఫోన్ చేసి జొన్న తిన్నదని ముందే చెప్పు, దీనికి సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్ ఉంది. ఆయన నంబరు పశువుల పాక తలుపు మీద సుద్దతో రాసిపెట్టు.

పెద్దనాయన