నవ్వు తెచ్చిపెట్టుకోకు, అమ్మడూ

ప్రభువునందు ప్రియమైన అమ్మడికి పెద్దమ్మ వ్రాయునది.

పక్షవాతం వచ్చి మంచాన పడిన మీ నాన్నను చూసుకోవడానికి ఉద్యోగం మానేసి వచ్చేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మంచి పని చేశావని ఒకసారి, తొందరపడ్డావని ఒకసారి, నిన్నటి నుంచి రెండూ అనుకుంటూనే ఉన్నాను. కంఠత వాక్యం మధ్యలో మరిచిపోతే పక్కవాళ్లు అందించినా అందుకోకుండా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే పిల్లవి నువ్వు. ఆ మొండితనం ఇప్పుడు పనికొస్తుంది. నిన్ను ముంచితే ముంచేదీ అదే.

మంచం దగ్గర పనులు నర్సు నేర్పిస్తుంది. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, సరిగ్గా మింగగలుగుతున్నాడని డాక్టరు చూసి చెప్పాకే నోటికి ఏదైనా పెట్టాలి, మందుల వేళలు రాసి గోడకు అంటించాలి. అవన్నీ నువ్వు నాకంటే బాగా చేస్తావు. ఆరో నెలకి నీ మొహం ఎలా ఉంటుందన్నదే నా భయం.

మన విశ్వాసుల ఇళ్లలో ఒక పాత తప్పు ఉంది. తరం మారినా అది పోలేదు. కష్టంలో ఏడిస్తే అవిశ్వాసమని, నవ్వితే సాక్ష్యమని. మొదటి వారం అందరూ వస్తారు, ప్రార్థన చేస్తారు, ‘సమస్తమును సమకూడి జరుగుచున్నవి’ అంటారు, అంటే అన్నీ కలిసి మేలుకేనని. ఆ వాక్యం నిజమే. దెబ్బ తగిలిన గంటలోనే దాన్ని చేతిలో పెడితే తీసుకున్న మనిషికి ఇక ఏడ్చే హక్కు లేకుండా పోతుంది. ‘ఎలా ఉన్నావమ్మా?’ అంటే ‘దేవుని కృప వల్ల బాగున్నాం’ అని నోరు దానంతటదే అనేస్తుంది. రెండో నెలలో ఆ మాట అంటున్నప్పుడు కళ్లు ఎటో చూస్తుంటాయి. మూడో నెలలో మందుల గ్లాసు బల్ల మీద పెట్టే చప్పుడు మారుతుంది. మెల్లగా పెట్టే గ్లాసు టక్కుమంటుంది. మంచం మీది మనిషికి ఆ చప్పుడు వినబడుతుంది, అర్థమవుతుంది కూడా. పైకి నవ్వు ఉంటుంది, కోపమంతా చేతుల్లోకి దిగుతుంది. ఆ తర్వాత ప్రార్థన ఆగిపోతుంది. దేవుడి ముందు కూడా నవ్వుతూ కూర్చోవాలంటే ఎంతసేపని కూర్చుంటారు?

బైబిల్లో యోబు ఆస్తినీ పిల్లలనూ పోగొట్టుకున్నప్పుడు అతని స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద మాటాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాకే పాడుచేశారు. చివరి అధ్యాయంలో దేవుడు కోపపడింది పుట్టినరోజును శపించుకున్న యోబు మీద కాదు, తన తరఫున వాదించామనుకున్న ఆ స్నేహితుల మీద. నీ ఇంటికీ అలాంటివాళ్లు వస్తారు. కూర్చోబెట్టు, మంచినీళ్లివ్వు, వాదన పెట్టుకోకు.

మరి కష్టాలు వస్తే ‘మహానందమని యెంచుకొనుడి’ అని బైబిల్లో తన ఉత్తరంలో యాకోబు అన్నాడు కదా అంటావు. ఇప్పుడు ఎంచుకోవడమంటే రెండింట్లో ఒకటి ఏరుకోవడం. అక్కడ ఎంచడమంటే లెక్కకట్టడం. ఆనందంగా అనిపించి తీరాలని యాకోబు అనలేదు. ఈ శ్రమ వెనకాల ఓర్పు వస్తుందని ఎరిగి, దాన్నీ లెక్కలో వేసుకోమన్నాడు. హబక్కూకు ప్రవక్తను చూడు. అంజూరం పూయలేదు, ద్రాక్ష కాయలేదు, ఒలీవ లేదు, పైరు లేదు, దొడ్డిలో గొర్రెలు లేవు, సాలలో పశువులు లేవు. ఆరు నష్టాలూ పేరుపేరునా చెప్పాకే ‘నేను యెహోవాయందు ఆనందించెదను’ అన్నాడు.

అందుకని ఒక చిన్న పుస్తకం పెట్టుకో. రాత్రి పది నిమిషాలు చాలు. ఎడమ పేజీలో ఆ రోజు పోయినది రాయి, కుడి పేజీలో వచ్చినది. రెండు వైపులా చేతికి తగిలే సంగతులే ఉండాలి. ‘అంతా కృప’ అని రాస్తే కొట్టేస్తాను. ‘మధ్యాహ్నం బొటనవేలు కదిపాడు’ అని రాయి. కుడి పేజీ ఖాళీగా ఉన్న రోజులూ వస్తాయి, ఖాళీగానే వదిలెయ్, కల్పించకు. ఆ రాత్రికి 13వ కీర్తన చదువుకో. ఉన్నవి ఆరే వచనాలు. మొదటి రెండింట్లో కీర్తనకారుడు దేవుణ్ణి ‘ఇంకెన్నాళ్లు’ అని నాలుగుసార్లు అడుగుతాడు, తర్వాతి రెండింట్లో కావలసింది అడుగుతాడు, ఆఖరి రెండింట్లో గానీ నమ్మకం, పాట రావు. నీకు మొదటి రెండు దగ్గరే నిద్ర పడితే పడనీ, మిగతావి రేపు.

నిద్రంటే గుర్తొచ్చింది. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద చావు కోరుకుని పడుకుంటే దూత వచ్చి మందలించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. దేవుడు మాట్లాడింది ఆ తర్వాత నలభై దినాల ప్రయాణం అయ్యాక. తినకుండా, నిద్రపోకుండా సంతోషం కోసం ఉపవాస ప్రార్థన పెట్టుకున్నావని తెలిస్తే బస్సెక్కి వచ్చి తిడతాను. రెండు వారాలు వరసగా నిద్ర రాకపోయినా, దేని మీదా మనసు పోకపోయినా, చచ్చిపోతే బాగుండనిపించినా డాక్టరు దగ్గరికి వెళ్లు. ఆ మూడోది ఒక్కసారి అనిపించినా ఆగకు, ఆ రోజే వెళ్లు. లండన్‌లో వేలమందికి వాక్యం చెప్పిన స్పర్జన్‌కి ఏళ్ల తరబడి కుంగుబాటు ఉండేది. పుల్పిట్ మీద నుంచే ఆ సంగతి చెప్పేవాడు.

ఇంకొకటి, మీ అన్నయ్య సంగతి. ‘వాడు చెయ్యడు, నేనే చేస్తాను’ అని నువ్వు అనుకునే ఉంటావు. బైబిల్లో హెబ్రీ పత్రిక అనే ఉత్తరంలో ‘చేదైన వేరు’ అన్నది సరిగ్గా ఇక్కడే దిగుతుంది. అడక్కుండానే వస్తాడని ఎదురుచూసి, రాలేదని లోపల లెక్క రాసుకోవడం. నోరు విప్పి అడుగు. ‘కాస్త సాయం చెయ్’ అంటే ఎవరూ కదలరు. ‘మంగళవారం, శనివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా నాన్న దగ్గర ఉండాలి, ఫిజియోథెరపీ ఖర్చు నీది’ అని చెప్పు. సంఘంలోనూ అంతే, పని పేరు, రోజు, గంట. గలతీ పత్రిక ఆరో అధ్యాయంలో రెండో వచనం ఒకరి భారాలు ఒకరు భరించమంటుంది, ఐదో వచనం ఎవరి బరువు వాళ్లు మోసుకోవాలంటుంది. నీ కోపం నీ బరువు, మీ నాన్న మంచం అందరి భారం. ఈ రెండూ కలిపేసుకోకు. సంతోషపు పత్రిక అని చెప్పుకునే ఫిలిప్పీ పత్రికను పౌలు బంధకాల్లో ఉండి రాశాడు. అందులోనే ‘దుఃఖముమీద దుఃఖము’ అన్న మాటా ఉంది, తనకు అందిన సాయానికి కృతజ్ఞతా ఉంది. సాయం పుచ్చుకోవడం ఆయనకే నామోషీ కానప్పుడు నీకెందుకు?

గదిలో ఎలా మసలుకోవాలో కూడా చెబుతాను. పక్షవాతం తర్వాత కొందరికి కారణం లేకుండా ఏడుపో నవ్వో తన్నుకొస్తుంది. అది జబ్బు చేసే పని, నీ మీద అలక కాదు. మాట పోయినంత మాత్రాన తెలివి పోయిందనుకోకు. వచ్చినవాళ్లతో ఆయన మంచం పక్కనే ‘ఈయనకి ఏమీ తెలియట్లేదండీ’ అనకు, ఎవరైనా అంటే ఆపు. బట్ట మార్చేముందు ‘నాన్నా, ఇప్పుడు ఇటు తిప్పుతున్నాను’ అని చెప్పి ముట్టుకో. సాత్వికమంటే ఇంతకంటే పెద్ద అర్థం నాకు తెలియదు. విసుక్కున్న రోజు క్షమాపణ కూడా ఆయనకే చెప్పు, దేవుడికి చెప్పి ఊరుకోకు.

మాట రానివాళ్లలో కొందరికి బాగా తెలిసిన పాట మాత్రం నోటికి వస్తుంది. మీ నాన్నకు చిన్నప్పటి నుంచి వచ్చిన కీర్తన ఒకటి ఎంచుకో, కొత్తవి వద్దు. సాయంత్రం ఒక చరణం మెల్లగా పాడు, చివరి మాట దగ్గర ఆపి ఆయన పెదాల వైపు చూస్తూ లోపల పది లెక్కపెట్టు. రాకపోతే నువ్వే పూర్తి చేసి దీపం తగ్గించు. వస్తే, ఎంత రాత్రయినా సరే, నాకు ఫోన్ చెయ్యి.

పెద్దమ్మ