ముసలి కుక్క లడ్డూని ఎండాకాలం క్యారవాన్ ట్రిప్‌కి తీసుకెళ్తున్న మా స్వాతికి

అమ్మలూ స్వాతీ,

క్రిస్మస్ సెలవలకి, ఇక్కడ ఆస్ట్రేలియాలో అది ఎండాకాలమే కదా, క్యారవాన్, అంటే కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే బండి ఇల్లు, అద్దెకి తీసుకుని లడ్డూతో సహా సముద్రానికి దూరంగా ఉన్న మిల్డూరా వెళ్దామనుకుంటున్నాం, వాడికోసం ఏమేం సర్దుకోవాలి మావయ్యా అని అడిగావు. సర్దుకునేవి తర్వాత చెప్తా గానీ ముందు ఊరు మార్చండి. వాడికి పదకొండేళ్ళు నిండాయి, అసలే లాబ్రడార్, పైగా కాస్త బొద్దుగా ఉంటాడు, జనవరిలో మిల్డూరాలో నలభై దాటడం అనేది వింతేం కాదు. ముర్రే నది చూడాలని అంతగా ఉంటే ఏప్రిల్‌లో వెళ్ళండి, హాయిగా ఉంటుంది. ఇప్పుడు మాత్రం సముద్రం పక్కకి పోండి, అపోలో బే, వార్నంబూల్, పోర్ట్ ఫెయిరీ, ఎటైనా సరే. అక్కడ ఎండ ఉండదని కాదు, ఉత్తరం గాలి తిరిగిన రోజు అక్కడా మాడిపోతుంది, కానీ కూల్ చేంజ్, అంటే దక్షిణం నుంచి చల్లగాలి, వచ్చిందంటే చూస్తుండగానే పది పదిహేను డిగ్రీలు పడిపోతుంది, ఆ రాత్రి కుక్క కంటినిండా నిద్రపోతుంది. లోపలి ఊళ్ళల్లో అలా కాదు, వేడి ఒకసారి పట్టుకుందంటే వరసగా రోజులు రోజులు వదలదు, రాత్రిళ్ళు కూడా చల్లబడదు, ముసలి ఒంటిని కుదేలు చేసేది ఆ రాత్రులే.

రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండల్లో పెరిగినవాళ్ళం, రెంటచింతల చూసొచ్చినవాళ్ళం, మనకి 38 ఓ లెక్కా అనిపిస్తుంది నాకు తెలుసు. మనకి ఒళ్ళంతా చెమట పడుతుందమ్మా, కుక్కకి అరికాళ్ళల్లో తప్ప ఎక్కడా పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడం ఒక్కటే దానికున్న దారి. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ రొప్పడం కూడా సరిగా పనిచెయ్యదు, అందుకే సముద్రం పక్కన 30 ఉన్నా ఉక్కగా ఉన్న రోజు జాగ్రత్తగా ఉండాలి. ఇంకో సంగతి, లడ్డూ మీ టార్నీట్ ఇంట్లో ఏసీ కింద టైల్స్ మీద పడుకునే బాపతు, ఎండకి వాడి ఒళ్ళు అలవాటు పడటానికి కొన్ని రోజులు పడుతుంది, వెళ్ళిన మొదటి రెండు మూడు రోజులే ఎక్కువ ప్రమాదం. అప్పుడే మనకి ఉత్సాహం ఎక్కువ, బీచ్ అంటాం, వాక్ అంటాం, వాడేమో పిలిస్తే చాలు తోకాడించుకుంటూ వచ్చేస్తాడు. నేను చెప్పదలుచుకున్న అసలు విషయం ఇదేనమ్మలూ, ముసలి కుక్క తనంతట తను ఆగదు. నువ్వు నడుస్తుంటే నీ వెనకే నడుస్తుంది, కాళ్ళు తేలిపోతున్నా నడుస్తుంది. కాబట్టి వాడు అలిసిపోయాక ఆపుదాంలే అనుకోవద్దు, రోజు మొత్తం ప్లాన్ వాడికి తగ్గట్టు ముందే వేసుకోండి. కూలింగ్ మ్యాట్లు, కూలింగ్ జాకెట్లు అన్నీ దాని తర్వాతే.

బయల్దేరే ముందు ఒకసారి పశువుల డాక్టర్, అదే వెట్‌కి చూపించు. గుండె, ఊపిరితిత్తులు వినమను. ఈ మధ్య వాడి అరుపు మారిందా, బొంగురుగా వస్తోందా, ఊపిరి పీలుస్తున్నప్పుడు గరగర సౌండ్ ఉందా గమనించి చెప్పు, పెద్ద వయసు లాబ్రడార్లకి గొంతు దగ్గర కండరాలు చచ్చుబడి ఊపిరి దారి సరిగా తెరుచుకోకపోవడం ఎక్కువ, అలాంటి కుక్కకి మామూలు ఎండ కూడా ప్రాణం మీదకి తెస్తుంది. కీళ్ళ నొప్పులకి మెలాక్సికాం లాంటిది వేస్తుంటే, ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు అది కిడ్నీలని దెబ్బతీస్తుంది, గుండెకోసం నీళ్ళ మాత్ర వాడుతుంటే అది ఒంట్లో నీళ్ళు లాగేస్తుంది, ట్రిప్‌లో ఎలా వెయ్యాలో వెట్‌నే అడుగు, నీ అంతట నువ్వు మాత్రం ఆపకు. ఎండాకాలం కదా అని బొచ్చు మొత్తం గొరిగించకు, పై వెంట్రుకలే వాడిని ఎండ నుంచి కాపాడేది, లోపల ఊడిపోయి ఇరుక్కున్న మెత్తటి బొచ్చుని మాత్రం బాగా దువ్వి తీసెయ్యి, గాలి ఆడుతుంది.

ప్రయాణం తెల్లవారుజామునే పెట్టుకోండి, పదకొండింటికల్లా క్యారవాన్ పార్క్‌కి చేరిపోయేట్టు. వాడు కార్లోనే రావాలి, క్యారవాన్‌లో కాదు, కారు లాక్కెళ్తున్నప్పుడు దాని ఏసీ నడవదు, లోపల వాడికి ఏమవుతోందో నీకు తెలీదు. వెనక సీట్లోకి ఏసీ గాలి నిజంగా వస్తోందా లేదా నువ్వే వెళ్ళి ఓ పది నిమిషాలు కూర్చుని చూడు, చాలా కార్లలో ముందు వాళ్ళకి చలేస్తుంటే వెనక కుక్క రొప్పుతూ ఉంటుంది, పక్క అద్దానికి సన్ షేడ్ తప్పకుండా పెట్టు. పెట్రోల్ బంకుల దగ్గర ఇద్దరూ ఒకేసారి దిగి లోపలికి వెళ్ళొద్దు. బయట 22 డిగ్రీలున్నా మూసిన కార్లో గంటలో 47 దాకా పోతుంది, అద్దం రెండంగుళాలు దించితే పెద్దగా తేడా ఏమీ రాదు. మన విక్టోరియా రాష్ట్రంలో బయట 28 కానీ అంతకన్నా ఎక్కువ కానీ ఉంటే పది నిమిషాలకి మించి కుక్కని ఒంటరిగా కార్లో వదలడం నేరం కూడా.

ఇక్కడే ఒక చిక్కుంది, ముందే చెప్తున్నా. గ్రేట్ ఓషన్ రోడ్ మీద వెళ్తే ట్వెల్వ్ అపోసిల్స్, ఆ సముద్రంలో నిలబడ్డ రాతి స్తంభాలు, చూడకుండా రారు కదా, అది పోర్ట్ క్యాంప్‌బెల్ నేషనల్ పార్క్, కుక్కల్ని రానివ్వరు. అందరూ ఏం చేస్తారంటే ఐదు నిమిషాల్లో వచ్చేస్తాం అని కార్లో వదిలి వెళ్తారు, ఫొటోలు అవీ అయ్యేసరికి ముప్పావుగంట. మీరు మాత్రం ఒకళ్ళు చూసొచ్చేదాకా ఇంకొకళ్ళు వాడితో ఉండండి, అదీ పొద్దున్నే వెళ్ళండి, ఏడింటికి అక్కడుంటే జనం ఉండరు, ఎండా ఉండదు.

ఇంక క్యారవాన్ నిలబెట్టే సైట్ గురించి, దీని మీద కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే పగలంతా వాడు గడిపేది అక్కడే. బుక్ చేసేటప్పుడు పవర్డ్ సైట్, అంటే కరెంట్ కనెక్షన్ ఉన్న చోటు, తీసుకో, పడమటి వైపు చెట్టో గోడో అడ్డం ఉన్నది ఇవ్వమని అడుగు, సాయంత్రం నాలుగు నుంచి ఏడున్నర దాకా వచ్చే పడమటెండే మనల్ని చంపేది. డే లైట్ సేవింగ్ వల్ల, అంటే గడియారం గంట ముందుకి జరుపుతారు కాబట్టి, ఎనిమిదిన్నరైనా ఇంకా వెలుతురే ఉంటుంది. పెద్ద గమ్ (యూకలిప్టస్) చెట్టు కొమ్మల కింద మాత్రం వద్దు, నీడ బావుంటుంది గానీ ఎండాకాలంలో గాలి లేకపోయినా వాటి కొమ్మలు ఉన్నట్టుండి విరిగి పడతాయి. ఆస్ట్రేలియా క్యారవాన్లకి ఆనింగ్, అదే బయటికి లాగే గుడ్డ పందిరి, ఎడమ పక్కన ఉంటుంది, కాబట్టి కుదిరితే హిచ్, అంటే కారుకి తగిలించే ముందు భాగం, దక్షిణం వైపు ఉండేలా నిలబెట్టండి, అప్పుడు ఆనింగ్ తూర్పుకి వస్తుంది, మధ్యాహ్నం దాటాక క్యారవాన్ నీడే మీ మీద పడుతుంది. పార్క్ వాళ్ళు అన్నిసార్లూ ఒప్పుకోరు, అప్పుడు ఆనింగ్‌కి వేలాడదీసే షేడ్ మెష్ ఒకటి ఎండ పక్కన కట్టండి, గాలి వస్తుంది, ఎండ రాదు. టార్పాలిన్ కట్టొద్దు, లోపల వేడి ఉడికిపోతుంది.

వాడి పక్క నేల మీద వెయ్యకు. కాళ్ళున్న ఎత్తు మంచం, ఆ ట్రాంపొలిన్ బెడ్ అంటారే, అది తీసుకో, కింద నుంచి గాలి తగులుతుంది, కీళ్ళకీ మంచిది. అది ఎక్కడ వేస్తావో కూడా చూసుకో. క్యారవాన్ పక్క గోడకి కింద గాలి పోయే చిన్న చిన్న చీలికలతో ఒక ప్లాస్టిక్ గ్రిల్ కనిపిస్తుంది, అది ఫ్రిజ్ వెనక భాగం, గ్యాస్‌కీ కరెంట్‌కీ రెండిటికీ నడిచే ఫ్రిజ్ అయితే అక్కడ వేడి బాగా వస్తుంది. ఓసారి మా బ్రూనో నీడలో పడుకుని కూడా రొప్పుతున్నాడేంటా అని వాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి పెట్టి చూస్తే, వీపు సరిగ్గా ఆ గ్రిల్‌కి ఆనించి ఉంది, బొచ్చు కాలిపోతున్నట్టుంది. మంచం రెండడుగులు జరిపి పన్నెండు వోల్టుల ఫ్యాన్ తిప్పి పెట్టాను, కాసేపటికి నోరు మూసుకుని పడుకున్నాడు. కుక్క నోరు మూసుకుని పడుకుందంటే అది చల్లగా ఉన్నట్టే, పగలంతా నువ్వు చూడాల్సింది ఆ ఒక్క గుర్తే.

జెల్ కూలింగ్ మ్యాట్ కొంటే కొను, కాసేపు బానే ఉంటుంది, తర్వాత అది కూడా ఒంటి వేడికి వెచ్చబడిపోతుంది, నీడలో ఆరబెట్టి మళ్ళీ వెయ్యాలి. నా మటుకు ఒక స్ప్రే బాటిల్, ఒక ఫ్యాన్, క్యారవాన్ లోపల ఒట్టి లినోలియం నేల, ఇవే ఎక్కువ పనికొచ్చాయి. పొట్ట, తొడల లోపలి వైపు, పాదాలు తడిపి ఫ్యాన్ పెట్టు.

క్యారవాన్‌లో ఏసీ వేసి వాడిని వదిలేసి ఊళ్ళోకి భోజనానికి వెళ్దాం అనుకోవద్దు. చాలా పార్కులు ఒప్పుకోవు, ఒప్పుకున్నా నలభై డిగ్రీల రోజు పార్క్ మొత్తం ఏసీలు తిరుగుతుంటే కరెంట్ ట్రిప్ అవడం పెద్ద విషయం కాదు, ఏసీ ఆగిన క్యారవాన్ రేకుల షెడ్డే.

నడక పొద్దున ఏడులోపు, మళ్ళీ రాత్రి తారు చల్లబడ్డాక. అరచెయ్యి వెనక్కి తిప్పి రోడ్డు మీద ఏడు సెకన్లు పెట్టు, నువ్వు ఉంచలేకపోతే వాడూ నడవలేడు. ఇసుక కూడా అంతే కాలుతుంది. ఎండాకాలంలో చాలా బీచ్‌లలో కుక్కలకి టైమింగ్స్ ఉంటాయి, బోర్డు చదువు. సముద్రం నీళ్ళు తాగనివ్వకు, వాంతులు విరేచనాలై ఉన్న నీళ్ళు కూడా పోతాయి, మంచినీళ్ళు వెంట ఉండాలి. ముసలి కుక్కలకి కొత్త చోట నీళ్ళు రుచించవు, ఇంటి నీళ్ళు రెండు క్యాన్లు పట్టుకెళ్ళు, వాడు తినే ఎండు పెల్లెట్స్‌లో నీళ్ళు కలిపి జావలా పెట్టు. మన ఇళ్ళల్లోలాగా పల్చటి మజ్జిగ కాస్త పొయ్యొచ్చు, వాడికి ఇంతకుముందు పడి ఉంటేనే, ఉప్పు వెయ్యకుండా, తాలింపు అసలే వద్దు. ఉల్లిపాయ, ద్రాక్ష ఏ రూపంలోనూ పెట్టకు. పుచ్చకాయ గింజలు తీసి నాలుగు ముక్కలు పెట్టు, ఇష్టంగా తింటాడు.

వడదెబ్బ ఎలా ఉంటుందో మీ ఇద్దరికీ తెలిసి ఉండాలి. నీడలోకి తెచ్చి పది నిమిషాలైనా రొప్పు తగ్గదు, నాలుక వెడల్పుగా సాగి చివర పైకి వంగుతుంది, జొల్లు చిక్కగా తీగలా కారుతుంది, చిగుళ్ళు ఇటుక రంగుకి తిరుగుతాయి, తర్వాత తూలడం, వాంతి. తూలేదాకా ఆగొద్దు. వెంటనే ఒళ్ళంతా నీళ్ళు పొయ్యి, మగ్గుతోనో గొట్టంతోనో, ముక్కులోకి పోకుండా, ఫ్యాన్ పెట్టు. చల్లటి నీళ్ళు పొయ్యకూడదు, తడి టవల్ కప్పాలి అని ఎవరో ఒకరు చెప్తారు, వినకు. కప్పిన టవల్ కాసేపటికి వేడెక్కి లోపలి వేడిని బయటికి పోనివ్వదు. కుళాయిలో ఏ నీళ్ళొస్తే అవి పొయ్యి, వాడి ఒంటికన్నా చల్లగా ఉంటే చాలు. వయసులో ఉన్న ఆరోగ్యమైన కుక్కనైతే చన్నీళ్ళ తొట్టిలో ముంచొచ్చు, లడ్డూ లాంటి ముసలాడికి పోస్తూ గాలి తగిలించడమే మంచిది. ముందు చల్లబరచాలి, తర్వాతే కారెక్కించాలి, ఏసీ ఫుల్లు పెట్టుకుని వెట్ దగ్గరికి. జ్వరంలా ఉంది కదా అని మనకి వేసుకునే పారాసెటమాల్ వెయ్యొద్దమ్మా, వెట్ చెప్పకుండా వేస్తే కుక్కలకి అది విషమవ్వచ్చు, వడదెబ్బకి పనిచెయ్యదు కూడా. నీళ్ళు పోశాక లేచి తోకాడించినా సరే చూపించాల్సిందే, కిడ్నీల దెబ్బ ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది.

ఇంకోటి, క్రిస్మస్ నుంచి జనవరి ఆఖరు దాకా చాలా పార్కులు కుక్కల్ని అసలు తీసుకోవు, మామూలు రోజుల్లో తీసుకునేవి కూడా. వెబ్‌సైట్‌లో కుక్క బొమ్మ ఉందని డబ్బులు కట్టెయ్యకు, ఫోన్ చేసి డేట్లు చెప్పి కనుక్కో. ఆ ఊళ్ళో రాత్రిపూట తీసే వెట్ ఉన్నాడా, లేకపోతే దగ్గర్లో ఎక్కడున్నాడో కూడా అదే ఫోన్లో అడిగి నెంబర్ మీ ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. షేడ్ మెష్, ఎత్తు మంచం నా దగ్గర షెడ్‌లో ఉన్నాయి, కొనకు, ఆదివారం వచ్చి పట్టుకెళ్ళు.

మీ మావయ్య