18 నిండకుండా బోర్డర్‌లైన్ పర్సనాలిటీ అని తేల్చవచ్చా? మా అమ్మాయి విషయంలో ఏం జరిగిందంటే

మీ 15 ఏళ్ల అమ్మాయికి బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (భావోద్వేగాలు, మనుషులతో సంబంధాలు అదుపు లేకుండా ఊగిసలాడే మానసిక జబ్బు) ఉండొచ్చని ఒక సైకాలజిస్ట్ అన్నారని, 18 నిండేదాకా ఆ పేరు ఎత్తనే కూడదని ఇంకో డాక్టర్ కొట్టిపారేశారని రాశారు. ఎవరి మాట నమ్మాలని అడిగారు. ఇదే సందిగ్ధంలో మేం రెండేళ్లు పోగొట్టుకున్నాం, అందుకే రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాదు. ఈ జబ్బున్న అమ్మాయికి తల్లిని.

ముందు ఆ 18 ఏళ్ల సంగతి. అలాంటి నిషేధం ఏమీ లేదు. మానసిక జబ్బుల్ని నిర్ధారించడానికి సైకియాట్రిస్టులు చూసే పుస్తకం డీఎస్ఎం-5, 2013లో వచ్చింది. అందులోనే 18 లోపు వాళ్లకు కూడా ఈ నిర్ధారణ చేయవచ్చని ఉంది. కాకపోతే లక్షణాలు కనీసం ఏడాదిగా ఉండాలి. 18 నిండి తీరాలన్న షరతు ఒక్క యాంటీసోషల్ పర్సనాలిటీకే (ఇతరుల హక్కుల్ని, నియమాల్ని లెక్కచేయని తీరు). బహుశా ఆ షరతునే అన్నిటికీ వర్తింపజేసి చెబుతుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల జబ్బుల జాబితా ఐసీడీ-11, 2022 నుంచి అమల్లో ఉంది. అందులోనూ 18 అనే హద్దు లేదు.

మరి డాక్టర్లు ఎందుకు వెనకాడతారు? పిల్లల వ్యక్తిత్వం ఇంకా రూపుదిద్దుకుంటూ ఉంటుంది, ఈ పేరు జీవితాంతం వెంటాడుతుందేమోనని భయం. ఆ భయంలో మంచి మనసే ఉంది. కానీ పిల్ల పడే బాధ 18 వచ్చేదాకా ఆగదు కదా.

మా అమ్మాయికి 14 ఏళ్లప్పుడు మొదలైంది. ఫ్రెండ్ మెసేజ్‌కి జవాబు ఓ గంట ఆలస్యమైతే ‘నన్ను వదిలేసింది’ అని వెక్కివెక్కి ఏడ్చేది. నిన్నటిదాకా ప్రాణంగా చూసుకున్న స్నేహితురాలి పేరు ఇవాళ ఎత్తనిచ్చేది కాదు. పొద్దున నన్ను కావలించుకున్న పిల్లే సాయంత్రానికి ‘నువ్వు నన్నెప్పుడూ ప్రేమించలేదు’ అనేది. వయసు అలాంటిది, అదే సర్దుకుంటుందని అందరూ అన్నారు, నేనూ అదే అనుకున్నాను. ఒకరోజు చేతి మీద గాయాలు చూశాను. భయంతో నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట ‘ఏమిటీ నాటకాలు?’ అని. ఆ మాట దానికి ఇప్పటికీ గుర్తుంది. దయచేసి మీరు ఆ మాట అనకండి. అలా గాయపరుచుకునే పిల్లల్లో చాలామంది భరించలేని బాధను ఆ కాసేపైనా తగ్గించుకోవడానికే చేస్తారు, ఎవరి దృష్టిలోనో పడడానికి కాదు.

మొదట చూపించిన చోట బైపోలార్ (విపరీతమైన హుషారు, దిగులు దశలుగా వచ్చే జబ్బు) అన్నారు. తొమ్మిది నెలలు మందులు వాడాం. మత్తు తప్ప మార్పు లేదు. తర్వాత కలిసిన డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలు అంతవరకు ఎవరూ అడగలేదు: ‘ఆ మూడ్ ఎంతసేపు ఉంటుంది? దానికి ముందు ఏం జరిగింది?’ నా దగ్గర జవాబు లేదు. నెల రోజులు రాసుకుని రమ్మన్నారు. రాశాక చూస్తే, దాదాపు ప్రతిసారీ ముందు ఎవరో మనిషి ఉన్నారు: ఎవరో మొహం తిప్పుకున్నారు, ఎవరో వస్తానని రాలేదు. ఆ తుఫాను గంటల్లోనే పుట్టి గంటల్లోనే తగ్గేది. బైపోలార్‌లో అలా ఉండదట. హుషారు విపరీతంగా పెరిగే దశ తేలికపాటిదైనా కనీసం నాలుగు రోజులు, తీవ్రమైతే వారం ఉంటుంది. అప్పుడు నిద్ర తగ్గినా అలసట తెలియదు. పైగా అది మొదలవడానికి ఎవరో ఏదో అనక్కర్లేదు.

అయితే ఒక నోట్‌బుక్ చూసి జబ్బు తేల్చేయలేదు. నాలుగు సిట్టింగులు పట్టాయి. అమ్మాయితో ఒంటరిగా, మాతో విడిగా మాట్లాడారు. డిప్రెషన్, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, నిలకడ లేకపోవడం), ఏదైనా భయంకర అనుభవం తాలూకు గాయం, ఆటిజం... ఒక్కొక్కటీ పరిశీలించారు. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించారు. ఇవి బోర్డర్‌లైన్‌తో పాటు కూడా ఉండొచ్చు, అందుకే అంత టైమ్ పట్టింది. ఇరవై నిమిషాల్లో, లేదా ఒక ప్రశ్నపత్రం నింపించి తేల్చేస్తే మాత్రం ఒప్పుకోకండి. ఆ ప్రశ్నపత్రాలు అనుమానం వరకే పనికొస్తాయి.

డీఎస్ఎంలో తొమ్మిది లక్షణాలున్నాయి, ఐదు ఉంటే నిర్ధారణ. వదిలేస్తారన్న భయం, మనుషుల్ని నెత్తిన పెట్టుకుని మర్నాడే ద్వేషించడం, తాను ఎవరో తనకే తెలియకపోవడం, ముందువెనకలు చూడని పనులు, గాయపరుచుకోవడం లేదా చనిపోతాననడం, గంటగంటకూ మారే మూడ్, లోపల ఖాళీ, అదుపులేని కోపం, టెన్షన్ ఎక్కువైనప్పుడు అందర్నీ అనుమానించడం లేదా తనకు తానే పరాయిగా అనిపించడం. ఇందులో ఆ ఖాళీతనం నాకు అస్సలు తెలియలేదు. పైకి కోపమే కనిపించేది. ‘ఎవరూ లేనప్పుడు నేను కూడా లేనట్టు ఉంటుంది’ అని అది డాక్టర్‌తో చెప్పిందని తర్వాత తెలిసి, ఆ రాత్రి నాకు కంటికి కునుకు లేదు.

ఆ పేరు వినగానే కుప్పకూలిపోతుందని భయపడ్డాను. 16 ఏళ్ల పిల్ల ఆ కాగితం అడిగి తీసుకుని, తనకున్నవాటికి టిక్కులు పెట్టుకుని, ఒక లక్షణం తనకు లేదని డాక్టర్‌తో వాదించింది! తన బాధకు పేరుందని, అది తన చెడ్డతనం కాదని తెలియడం దానికి ఎంత అవసరమో నాకు అప్పుడే అర్థమైంది.

ఈ జబ్బుకంటూ ఆమోదం పొందిన మందు లేదు. తోడుగా డిప్రెషన్ లాంటిది ఉంటే దానికి మందులిస్తారు, అసలు ట్రీట్‌మెంట్ థెరపీయే. మాకు డీబీటీ (తీవ్రమైన భావోద్వేగాల్ని అదుపు చేసుకోవడం నేర్పే థెరపీ) చెప్పారు. దాన్ని రూపొందించిన మార్షా లినెహాన్ తాను కూడా టీనేజ్‌లో ఇలాంటి బాధతోనే ఆసుపత్రి పాలయ్యానని 2011లో బయటపెట్టారు. ఆ సంగతి తెలిశాకే మా అమ్మాయి థెరపీకి ఒప్పుకుంది. టీనేజ్ పిల్లల డీబీటీలో తల్లిదండ్రులకూ క్లాసులుంటాయి. ‘ఇంత చిన్నదానికే ఇంత గొడవా?’ అనే నేను, ‘తను రాలేదని నీకు చాలా కష్టంగా ఉంది కదా’ అనడం నేర్చుకున్నాను. అంటే తన పనిని సమర్థించినట్టు కాదు, తన బాధ నిజమని ఒప్పుకోవడం. ఈ ఒక్క మార్పు మా ఇంట్లో చాలా గొడవలు ఆపింది.

ఇది జీవితాంతం ఇలాగే ఉంటుందేమోనని అడిగారు. మేరీ జనారినీ అనే పరిశోధకురాలి బృందం పెద్దవాళ్లను పదేళ్లకు పైగా గమనిస్తూ వచ్చింది. వాళ్లలో అత్యధికులకు లక్షణాలు జబ్బు అనదగ్గ స్థాయి కన్నా తగ్గిపోయాయి. చదువు, ఉద్యోగం, స్నేహాలు కుదుటపడడానికి మాత్రం ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. మా అమ్మాయికి ఇప్పుడు 20. గాయపరుచుకుని రెండేళ్లు దాటింది. వదిలేస్తారన్న భయం ఇంకా ఉంది, కానీ ‘అమ్మా, భయమేస్తోంది’ అని నోటితో చెబుతుంది.

ఒక పని మాత్రం నిర్ధారణ కోసం ఆపకండి. చనిపోవాలనిపిస్తోందా అని మీ అమ్మాయిని ఈ రోజే నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది నిజం కాదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ప్రమాదకరమైన వస్తువులు, మందులు అందకుండా తీసేసి వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

తను ‘లేదు’ అని చెబితే, ఒక నోట్‌బుక్ తీసుకోండి. తేదీ, ముందు ఏం జరిగింది, ఎంతసేపు ఉంది, ఎలా తగ్గింది, ఈ నాలుగూ రాయండి. ఎందుకు రాస్తున్నారో తనకు చెప్పే రాయండి, దాచి రాస్తే అది మరో గొడవవుతుంది. వీలైతే తననే రాయమనండి. మా ఇంట్లో రెండో వారం నుంచి మా అమ్మాయే రాసింది.