రెండో ప్రపంచ యుద్ధం మొదట్లో బ్రిటిష్ ట్యాంకుల ఫిరంగులు ఎందుకంత చిన్నవి?

ట్యాంకు పనిని వాళ్లు రెండుగా పంచేశారు. కాల్బలం పక్కన నింపాదిగా నడవడానికి మందపాటి కవచమున్న ‘ఇన్‌ఫాంట్రీ’ ట్యాంకు, దూసుకుపోవడానికి ‘క్రూయిజర్’. ఇన్‌ఫాంట్రీ రకమైన మటిల్డా 2 ముందు కవచం 78 మిల్లీమీటర్లు, వేగం మాత్రం రోడ్డు మీద గంటకు 24 కిలోమీటర్లే. రెండు రకాల్లోనూ చాలావాటికి ఒకటే 40 మిల్లీమీటర్ల ‘టూ పౌండర్’ ఫిరంగి. అది ఉక్కు గుండునే విసిరేది; పేలే గుండు మామూలుగా సిబ్బందికి ఇచ్చేవారే కాదు. శత్రువు గోతిలో ఫిరంగి పెట్టుకుని కూర్చుంటే, గుండు సూటిగా దానికే తగలాలి, లేకపోతే దండగే!

ఇంతకంటే పెద్దదైన ‘సిక్స్ పౌండర్’ ఫిరంగి డిజైన్ అప్పటికే ఉంది. కానీ 1940లో ఫ్రాన్స్‌లో భారీ ఆయుధాల్లో చాలా భాగం వదిలేసి వచ్చాక, ఫ్యాక్టరీ లైన్లు మార్చే తీరిక లేక పాతదే చేస్తూ పోయారు. ఇంజిన్ల సంగతీ అంతే. క్రూసేడర్ అనే క్రూయిజర్ ట్యాంకులో మొదటి ప్రపంచ యుద్ధం నాటి లిబర్టీ ఇంజినే. స్పిట్‌ఫైర్ విమానపు మెర్లిన్ నుంచి తీసిన 600 హార్స్‌పవర్ మీటియర్ ఇంజిన్‌ని తర్వాతి క్రామ్‌వెల్ ట్యాంకులో పెట్టాకే ఇంజిన్ బెంగ తీరింది.