తాగే నీళ్లలోని డ్యూటీరియం మన డీఎన్ఏను బలహీనం చేస్తుందా?

"నీళ్లలోని డ్యూటీరియం డీఎన్ఏ బంధాల్లో దూరి వాటిని పాడు చేస్తుందట. డ్యూటీరియం తగ్గించిన నీళ్లు సీసాల్లో అమ్ముతున్నారు, తాగితే డీఎన్ఏ గట్టిపడుతుందా?" అని అడిగారు. డ్యూటీరియం అంటే రెట్టింపు బరువున్న హైడ్రోజన్, దాని ఐసోటోపు (అదే మూలకం, బరువు వేరు). దూరుతుందన్న మాట నిజం, పాడు చేస్తుందన్నది మాత్రం నిజం కాదు. ఎన్ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాల సంకేతాలు చదివే పద్ధతి) ల్యాబ్‌లో డీఎన్ఏ శాంపిల్స్ తయారు చేయడం కొన్నేళ్లపాటు నా ఉద్యోగం, అది కూడా ఎక్కువగా భారజలంలోనే (మామూలు హైడ్రోజన్ బదులు డ్యూటీరియం ఉన్న నీళ్లు). కాబట్టి చూసిందీ చదివిందీ కలిపి చెప్తాను.

ముందు లెక్క చూద్దాం. సముద్రపు నీటి ప్రమాణం ప్రకారం పది లక్షల హైడ్రోజన్ పరమాణువుల్లో దాదాపు 156 డ్యూటీరియం. అంటే సుమారు 6,400కి ఒకటి. అంటార్కిటికా మంచులో ఇది 90 దగ్గరికి పడిపోతుంది. మన ఒక్కో కణంలో దాదాపు 640 కోట్ల బేస్ జతలు, అంటే డీఎన్ఏ నిచ్చెనకు మెట్లు, ఉంటాయి. బేసులు ఏ, టీ, జీ, సీ అని నాలుగు రకాలు. ఏ-టీ జతను రెండు, జీ-సీ జతను మూడు హైడ్రోజన్ బంధాలు పట్టి ఉంచుతాయి. వీటిని గుణించి చూస్తే, ఏ క్షణంలోనైనా ఒక్క కణంలోనే సుమారు 24 లక్షల బంధాల్లో మామూలు హైడ్రోజన్ బదులు డ్యూటీరియం ఉంటుంది. వినగానే గుండె గుభేలుమంటుంది గానీ, జీవం మొదలైనప్పటి నుంచీ కాస్త అటూ ఇటూగా పరిస్థితి ఇదే. పైగా అలా వచ్చి చేరిన డ్యూటీరియం అక్కడే తిష్ట వేయదు.

తిష్ట వేయదని ఎలా తెలుసంటే, అది రోజూ తెరమీద కనిపించేది. డీఎన్ఏను మామూలు నీళ్లలో, పదో వంతు భారజలం కలిపి, ఎన్ఎంఆర్ మెషీన్‌లో పెడితే స్పెక్ట్రమ్‌లో ఎడమ చివర 12 నుంచి 14 పీపీఎం మధ్య సన్నటి పీకుల వరస వస్తుంది. (ఈ పీపీఎం స్పెక్ట్రమ్‌లో స్థానం చెప్పే కొలత; డ్యూటీరియం పాళ్లు చెప్పే పీపీఎం, అంటే పది లక్షల్లో ఎన్ని అన్నది, వేరు.) దాదాపు ఒక్కో పీకూ ఒక్కో బేస్ జత మధ్యలో ఉన్న ప్రోటాన్‌ది, అంటే హైడ్రోజన్ కేంద్రకానిది. అదే శాంపిల్‌ను ఎండబెట్టి, శుద్ధమైన భారజలంలో కరిగించి మళ్లీ పెట్టండి. ట్యూబు మెషీన్‌లోకి దిగి రికార్డింగ్ మొదలయ్యేలోపే ఆ వరస మొత్తం మాయం! డీఎన్ఏ విడిపోయిందేమోనని కొత్తగా చేరిన విద్యార్థులకు ఒకటే టెన్షన్. విడిపోయి ఉంటే కుడివైపు 7, 8 పీపీఎం దగ్గరున్న పీకులు కూడా జరగాలి కదా. అవి ఎక్కడివక్కడే ఉంటాయి.

జరిగింది ఏమిటంటే, బేస్ జతలు ఉన్నచోటే క్షణకాలం తెరుచుకుని మూసుకుంటూ ఉంటాయి. గది ఉష్ణోగ్రతలో ఏ-టీ జత మిల్లీసెకన్ల లెక్కన, జీ-సీ జత పదుల మిల్లీసెకన్ల లెక్కన తెరుచుకుంటుంది. తెరుచుకున్నప్పుడల్లా నైట్రోజన్‌ను పట్టుకున్న హైడ్రోజన్ నీళ్లలోకి పోయి, నీళ్లలోది దాని చోట్లోకి రావచ్చు. శుద్ధమైన భారజలంలో అలా వచ్చేది డ్యూటీరియం, అది ఈ స్పెక్ట్రమ్‌లో కనపడదు. కార్బన్‌ను పట్టుకున్న హైడ్రోజన్లు మాత్రం కదలవు. ఒక్క ప్యూరీన్లలో (ఏ, జీ బేసులు) 8వ స్థానంలోనిది గంటల తరబడి వేడి చేస్తే మెల్లగా మారుతుంది. అందువల్ల చుట్టూ ఉన్న నీటి ఐసోటోపులతో సూటిగా సంబంధం ఉన్నది నైట్రోజన్ మీది హైడ్రోజన్లకే.

ఇక బలం సంగతి. డ్యూటీరియం బరువు రెట్టింపు కావడంతో దాని కంపనాల కనీస శక్తి తక్కువ, హైడ్రోజన్ బంధం కొద్దిగా గట్టిపడుతుంది. భారజలం 3.8 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గడ్డకట్టి, 101.4 దగ్గర మరిగేది అందుకే. అలాగైతే భారజలంలో డీఎన్ఏ బాగా గట్టిపడాలి కదా అనిపిస్తుంది. కానీ పోగు విడిపోయినప్పుడు ఆ బేసులు పట్టుకునేది కూడా భారజలాన్నే. త్రాసులో రెండు వైపులా బరువు పెరిగినట్టు, చివరికి మిగిలే తేడా చిన్నదే. 260 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ చూస్తూ డీఎన్ఏను కరిగించిన (వేడి చేసి పోగులు విడదీసిన) ప్రతిసారీ, ఐసోటోపు తేడా కంటే బఫర్ (పీహెచ్ నిలకడగా ఉంచే ద్రావణం) తేడా గురించే మేం ఎక్కువ జాగ్రత్త పడేవాళ్లం. సోడియం గాఢత పది రెట్లు పెరిగితే కరిగే ఉష్ణోగ్రత సుమారు 16 డిగ్రీలు పైకి పోతుంది మరి. పైగా భారజలంలో పీహెచ్ మీటరు అసలు విలువ కంటే 0.4 తక్కువ చూపిస్తుంది. ఈ రెండూ సరిచేయకుండా "భారజలంలో డీఎన్ఏ ఇలా మారింది" అని ఎవరైనా గ్రాఫు చూపిస్తే నేను నమ్మను.

నీళ్లు అమ్మేవాళ్లు వాడుకునే మరో వాదన క్వాంటమ్ టన్నెలింగ్. హైడ్రోజన్ బంధంలోని ప్రోటాన్ అడ్డంకిని దాటి అటువైపు బేసు మీదికి దూకితే, కాపీ అయ్యేటప్పుడు తప్పు జత పడవచ్చని స్వీడన్ శాస్త్రవేత్త పెర్-ఒలోవ్ లోవ్డిన్ 1963లో ప్రతిపాదించారు. మంచి ఊహే. అయితే బరువు ఎక్కువైన కొద్దీ టన్నెలింగ్ తగ్గుతుంది. అంటే ఈ సిద్ధాంతం ప్రకారం డ్యూటీరియం ఉన్న చోట తప్పులు తగ్గాలి! ప్రచారం చేసేవాళ్లు ఈ ముక్క మింగేస్తారు.

సీసా లెక్క కూడా చూద్దాం. పెద్దవాళ్ల ఒంట్లో దాదాపు 40 లీటర్ల నీళ్లుంటాయి. 25 పీపీఎం అని రాసిన సీసా ఒక లీటరు తాగి, ఒంట్లోంచి ఒక లీటరు పోయిందనుకుంటే సగటు 156 నుంచి 153కి దిగుతుంది. ఆ తర్వాత తిన్న తిండితో, తాగిన మామూలు నీళ్లతో మళ్లీ పైకి పోతుంది.

డ్యూటీరియం నిజంగా తేడా చూపించే చోట్లు లేకపోలేదు. రంగు పదార్థం మీద వెలుగు పడి పుట్టే సింగ్లెట్ ఆక్సిజన్ (మామూలు దానికంటే చురుకైన ఆక్సిజన్) మామూలు నీళ్లలో మూడు, నాలుగు మైక్రోసెకన్లు బతికితే భారజలంలో అరవైకి పైగా బతుకుతుంది. దాంతో అక్కడ గ్వానిన్‌కు (జీ బేసు) దెబ్బ ఎక్కువ. ఇక క్షీరదాల ఒంట్లోని నీళ్లలో దాదాపు మూడో వంతు భారజలమైతే ప్రాణానికే ముప్పు. కణ విభజన ఆగిపోవడం, ఎంజైముల వేగాలు తప్పడం అందుకు కారణం. అదే కొన్ని రకాల ఆల్గేను అలవాటు చేస్తే దాదాపు పూర్తి భారజలంలోనే పెరుగుతాయి. వాటి డీఎన్ఏలో కార్బన్ మీది హైడ్రోజన్లు కూడా డ్యూటీరియమే, అయినా తరాలు నడుస్తాయి.

మీరు అడగలేదు గానీ, భయపడాల్సిన ఐసోటోపు ఏదైనా ఉంటే అది ట్రిటియం. రసాయనికంగా హైడ్రోజనే, కాకపోతే రేడియోధార్మికం, అర్ధాయువు 12.3 ఏళ్లు. దాని బీటా కణం నీళ్లలో గరిష్ఠంగా ఆరు మైక్రోమీటర్లు పోతుంది, సగటున ఒక మైక్రోమీటరు కూడా పోదు. చర్మం బయట ఉంటే ఏమీ చేయలేదు. కణం లోపల ఉంటే ఆ శక్తంతా అక్కడే ఖర్చవుతుంది. నీటి రూపంలో వచ్చిన ట్రిటియం సుమారు పది రోజులకు సగమైపోతుంది. అదే థైమిడిన్‌లో (డీఎన్ఏ కట్టడానికి కణం వాడే టీ బేసు ముక్క) కార్బన్ మీద కూర్చుని వస్తే నేరుగా డీఎన్ఏలో భాగమై ఉండిపోతుంది, విఘటనం చెందినప్పుడు హీలియంగా మారి ఆ బంధమే తెగుతుంది. 1957లో అమెరికా జీవశాస్త్రవేత్త హెర్బర్ట్ టేలర్ బృందం క్రోమోజోములు ఎలా రెండవుతాయో చూడటానికి వాడింది ఈ థైమిడిన్‌నే. తాగునీటిలో ట్రిటియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 10,000 బెకరెల్స్ (సెకనుకు ఒక విఘటనం ఒక బెకరెల్). ఎవరైనా ట్రిటియం కలిసిన నీళ్లు మింగారని తెలిస్తే డాక్టర్లు చేసే మొదటి పని మామూలు నీళ్లు బాగా తాగించడం. అది ఎంత త్వరగా మూత్రంలో పోతే అంత మంచిది.