టక్ టక్ అంటే షాకులే పోయాయా?

ప్రశ్న: సార్, మాది 2010 మోడల్ పెట్రోల్ చిన్న కారు, 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. గతుకుల్లో ముందు ఎడమ వైపు టక్ టక్ మంటోంది. మెకానిక్ ఏమో నాలుగు షాకులూ (షాక్ అబ్జార్బర్లు) మార్చేద్దాం అంటున్నాడు, నిజంగా అవసరమా? - ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆగండి, అప్పుడే డబ్బులు తీయకండి. షాక్ పోతే చప్పుడు కన్నా ముందు ఊగుడు తెలుస్తుంది. బండి ముందు మూల గట్టిగా నొక్కి వదలండి, ఒకసారి లేచి కుదురుకుంటే పర్లేదు, అదే పనిగా ఊగుతున్నా, షాక్ ఒంటి మీద ఆయిల్ కారి దుమ్ము అట్టకట్టినా మార్చాల్సిందే. అప్పుడు కూడా ముందు జతో వెనక జతో చాలు, నాలుగూ ఎందుకండీ?

మీరు చెప్పిన గతుకుల టక్ టక్‌కి నా అనుమానం స్టెబిలైజర్ లింక్ రాడ్ మీద (మలుపుల్లో బండి ఒరగకుండా చూసే కడ్డీని చక్రం వైపు కలిపే చిన్న రాడ్, మీ బండికి ఉంటే), చేత్తో ఊపితే లొడలొడలాడుతుంది, ఖర్చు కూడా తక్కువే. బ్రేక్ వేసినప్పుడు ధన్ మని ఒక్క దెబ్బ వినిపించి బండి పక్కకి లాగితే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి చట్రానికి కలిపే కింది చేయి) రబ్బరు బుష్‌లు, నిలబెట్టి స్టీరింగ్ తిప్పితే టంగ్ మంటే స్ట్రట్ మౌంట్ (ముందు షాక్ పైకొనని బండికి పట్టి ఉంచే దిమ్మ).

వాయిదా వేయకూడనిది బాల్ జాయింట్, అంటే చక్రాన్ని లోయర్ ఆర్మ్ కి కలిపే గుండు కీలు. జాకీ, కింద స్టాండ్ పెట్టి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపించండి, ప్లే (వదులు) ఉంటే ఎవర్నైనా బ్రేక్ తొక్కమనండి, తొక్కగానే పోతే అది వీల్ బేరింగ్, పోకపోతే బాల్ జాయింట్. అది ఊడితే చక్రం అడ్డం తిరుగుతుంది, అందుకే ఈ వారమే చూపించేయండి. ఆర్మ్ మారిస్తే చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ మర్చిపోకండి.