తుపాను కబురు వచ్చాక బజారుకి పరిగెత్తకు

చిన్నీ,

విశాఖ మధురవాడలో ఫ్లాట్ ఫోటోలు చూశాను. బాల్కనీలోంచి సముద్రం బాగానే కనిపిస్తోంది. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను గాలి కూడా అటునుంచే వస్తుంది, పైగా నీది నాలుగో అంతస్తు. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను వచ్చింది. ముందురోజు సాయంత్రం బజారుకెళ్తే కొవ్వొత్తులు లేవు, బ్రెడ్డు లేదు, టార్చి సెల్లులు అసలే లేవు. ఇంట్లో రెండు టార్చిలున్నాయి. ఒకదాంట్లో సెల్లులు కారి పచ్చగా చిలుము పట్టింది. రెండోది ఎక్కడుందో మీ పెదనాన్నకి తప్ప ఎవరికీ తెలీదు, ఆయనేమో రాజమండ్రిలో ఉన్నారు, ఫోన్లు కలవలేదు. దేవుడి గదిలో కుందులు తెచ్చుకుని ఆ రాత్రి గడిపాం. కొనిపెట్టడం ఎవరైనా చేస్తారు గానీ, చీకట్లో చెయ్యి పెడితే దొరకాలి, ఇంట్లో చంటోడితో సహా అందరికీ చోటు తెలియాలి. నేను చెప్పేదంతా ఇంతే అనుకో.

నీళ్ల సంగతి ముందు చూడు. కరెంటు పోతే మోటారు ఆడదు, ట్యాంకులో ఉన్నదాన్ని అపార్ట్‌మెంటంతా కలిసి ఒక్కపూటలో ఊడ్చేస్తారు. మాకు వారం పైనే కరెంటు లేదు, పాల ప్యాకెట్టు అడిగినంత ఇచ్చి కొన్నాం. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకి 4 లీటర్లు వేసుకో, మీ నలుగురికి 5 రోజులకి 80 లీటర్లు, అంటే పెద్ద క్యాన్లు నాలుగు. మిగతా వాడకానికి బకెట్లు, డ్రమ్ము, ఆఖరికి కుక్కర్లు కూడా నింపెయ్. ఫ్రీజర్లో రెండు బాటిళ్ల నీళ్లు గడ్డకట్టించి ఉంచితే ఫ్రిజ్ ఇంకాసేపు చల్లగా ఉంటుంది, మీ అత్తగారి ఇన్సులిన్ కోసం చెబుతున్నాను. దాన్ని ఐసుకి మాత్రం ఆనించకు, గడ్డకడితే ఇక పనికిరాదు.

తిండికి కొత్తగా కొనేదేం లేదు. అటుకులు, మరమరాలు, బెల్లం, కందిపొడి, ఆవకాయ. అటుకులు తడిపి ఆవకాయ కలుపుకుంటే పొయ్యి వెలిగించే పనే లేదు. నూడుల్స్ డజను దాచావంటే నవ్వుతాను, వాటికి నీళ్లూ కావాలి, గ్యాసూ కావాలి. సిలిండర్ అయిపోయిన రోజే రెండోది బుక్ చెయ్.

గాలి హోరు ఉన్నట్టుండి ఆగిపోతే అంతా అయిపోయిందనుకుని బయటికి రాకండి. అది తుపాను కన్ను, కాసేపట్లో ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడుతుంది. మా వీధిలో స్కూటర్ ఎలా ఉందో చూసుకుందామని దిగినాయనకి జానెడు దూరంలో రేకు వచ్చి పడింది. బాల్కనీలో ఆ పూలకుండీలు కూడా ముందే లోపల పెట్టు.

టవర్లు పడిపోతే యూపీఐ ఉండదు. యాభైలు, వందలు ఒక నాలుగైదు వేలు బియ్యం డబ్బాలో వెయ్. అయిదొందల నోటుకి ఆ రోజుల్లో ఎవడూ చిల్లర ఇవ్వడు.

తుపాను నాలుగు రోజులుండి పోతుంది. ఉద్యోగం పోయినా, మనిషి మంచాన పడినా నెలలు పడుతుంది. ఆరు నెలల ఖర్చు వేరే ఖాతాలో పడెయ్యండి, దానికి ఏటీఎం కార్డు తీసుకోకుండా. చీటీ ఉంది కదా అనకు, అవసరంలో పాడుకున్నవాళ్లకి చేతికి వచ్చేది ఎంతో నాకు తెలుసు. ఆఫీసు వాళ్లిచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతో పాటే పోతుంది, సొంతంగా ఒకటి తీసుకోండి. మీ పెదనాన్నకి గుండెనొప్పి వచ్చిన రాత్రి ఆ బీమా కార్డు కోసం బీరువా మొత్తం కిందపోశాను. ఎక్కడుందో ఆయన చెప్పలేని స్థితి. మళ్లీ టార్చి కథే! ఇప్పుడు కాగితాలన్నీ ఒకే ప్లాస్టిక్ ఫైల్లో, తలుపు పక్కన మేకుకి వేలాడుతున్నాయి. మందుల చీటీలు కూడా అందులోనే.

వచ్చే శనివారం వస్తున్నాను. టార్చి ఎక్కడుందని నిన్నడగను, మీ బుడ్డోణ్ణి అడుగుతాను.

పెద్దమ్మ